ఏకాంతానికి క్యూ ఇటువైపు

కొత్తగా పెళ్లయిన జంటలకు మన ఊళ్లలో ఇప్పుడు జోరుగా అమ్ముడుపోతున్న సరుకు పేరు ఏకాంతం. అండమాన్, అయిదు రాత్రులు, ఆరు పగళ్లు, జంటకింత అని ధర. కరపత్రం మీద తెల్లటి ఇసుక, ఆకుపచ్చ నీళ్లు, సముద్రం మీదికి వంగిన కొబ్బరిచెట్టు, దాని కింద చేయీ చేయీ పట్టుకుని ఇద్దరంటే ఇద్దరే. కనుచూపు మేరలో మూడో మనిషి ఉండడు. మరి ఆ ఫొటో తీసిందెవరయ్యా అని అడిగితే మీకు రసహృదయం లేదంటారు.

నాకు సముద్రం మీద కోపం లేదు, దంపతుల మీద అంతకన్నా లేదు. పెళ్లి పనుల్లో ఆరు నెలలు నలిగినవాళ్లు నాలుగు రోజులు ఎక్కడికైనా పోయి ఊపిరి పీల్చుకుంటామంటే ఎవరికి అభ్యంతరం? నా పేచీ అంతా ఆ కరపత్రంతో. ఖాళీగా ఉన్న దీవి ఒకటి మీ ఇద్దరి కోసం ఎదురుచూస్తోందన్న ఆ మాటతో.

ముందు లెక్క చూద్దాం. ఆరు పగళ్లలో మొదటిది శంషాబాద్ విమానాశ్రయంలో తెల్లవారుజామున కునికిపాట్లతో మొదలవుతుంది. ఆరోది తిరుగు విమానం కోసం సూట్‌కేసుల మీద కూర్చోవడంతో ముగుస్తుంది. మిగిలిన నాలుగింటిలో ఒకటిన్నర జెట్టీల దగ్గర, పడవల్లో ఖర్చయిపోతుంది. ఇక "ప్యాకేజీలో కలిసి ఉన్నవి" అన్న జాబితా ఉంటుంది. పూలపాన్పు, ఒక రాత్రికి మాత్రమే. తువ్వాళ్లతో చేసిన రెండు హంసలు. అరకిలో కేకు. ఒక క్యాండిల్ లైట్ డిన్నర్. ఉచిత స్నార్కెలింగ్, ఫొటోలకు మాత్రం వేరే డబ్బులు. అన్నిటికన్నా కింద, భూతద్దం పెట్టి చదవాల్సిన అక్షరాల్లో, వాతావరణం అనుకూలించకపోతే తమ బాధ్యత లేదని ఒక ముక్క. అంత పెద్ద ప్యాకేజీలో ఏజెంటు మాట వినని ఐటమ్ సముద్రం ఒక్కటే అన్నమాట.

మొన్నమొన్నటి దాకా ఈ సరుకు మాల్దీవుల పేరుతో అమ్ముడుపోయేది. 2024 జనవరిలో ప్రధాని లక్షద్వీప్‌లో దిగిన ఫొటోలు, వాటి మీద మాల్దీవుల ఉపమంత్రులు ముగ్గురి నోటి దురుసు, ఆ ముగ్గురి సస్పెన్షన్, ఇవన్నీ ఒక్క వారంలో జరిగిపోయాయి. ఆ వారంలో హనీమూన్‌కి కూడా దేశభక్తి అంటుకుంది. మాల్దీవుల టికెట్లు రద్దు చేసుకున్నామని జంటలు జెండా బొమ్మలతో ప్రకటించాయి. తీరా లక్షద్వీప్ వెళ్దామంటే అక్కడికి ముందస్తు అనుమతి కావాలి, ఉన్న గదులు కొన్నే, విమానం దిగే చోటు అగత్తి ఒక్కటే, బంగారం దీవిలో తప్ప మందు దొరకదు. ఆ నాలుగో కారణం చూడగానే దేశభక్తి మెల్లగా తూర్పుకి తిరిగింది. అండమాన్ "దేశీ మాల్దీవులు" అయింది.

సరే, దిగారు. ఏ ఊళ్లో దిగారో చెప్పడం ఇప్పుడు కొంచెం కష్టం. ఏజెంటు కాగితంలో పోర్ట్‌బ్లెయిర్, ప్రభుత్వ కాగితంలో 2024 సెప్టెంబర్ నుంచి శ్రీ విజయపురం. హేవ్‌లాక్ దీవి 2018 డిసెంబర్‌లోనే స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ నేతాజీ పేరు పెట్టుకుంది. జంట మాత్రం హేవ్‌లాక్ టికెట్టు పట్టుకుని స్వరాజ్ ద్వీప్ బోర్డు కింద నిలబడి, మనల్ని ఇంకెక్కడో దించేశాడని ఏజెంటుకు ఫోన్ చేస్తుంది.

ఏకాంతం అసలు రంగు ఫెర్రీ జెట్టీ దగ్గర తేలుతుంది. అందరి ప్యాకేజీ ఒకటే. మొదటి రోజు సెల్యులార్ జైలు, రెండో రోజు రాధానగర్ బీచ్, మూడో రోజు ఎలిఫెంట్ బీచ్, నాలుగో రోజు నీల్. కాబట్టి మొదటి రోజు జైలు దగ్గర కనబడిన జంటలే రెండో రోజు పడవలో, మూడో రోజు నీళ్లలో, నాలుగో రోజు సహజ వంతెన రాళ్ల మీద ప్రత్యక్షమవుతాయి. మోచేతుల దాకా ఎర్ర చూడా గాజులతో ఉత్తరాది పెళ్లికూతుళ్లు, స్లీవ్‌లెస్ గౌను మీద పసుపుతాడు, నల్లపూసలు సర్దుకుంటూ మన పెళ్లికూతుళ్లు. మొగుళ్లంతా ఒకే రకం పూల చొక్కాల్లో. మూడో రోజుకి ఒకరి పేర్లొకరికి తెలిసిపోతాయి. నాలుగో రోజుకి ఎవరికి జలుబు చేసింది, ఎవరు మాట్లాడుకోవడం మానేశారు అన్నదీ తెలిసిపోతుంది. మన కల్యాణమండపంలో ఉన్నంత జనం మధ్య, పెట్టుపోతలు లేకుండా, పరాయి భాషలో మళ్లీ పెళ్లి చేసుకున్నట్టుంటుంది వ్యవహారం.

రాధానగర్ బీచ్ నిజంగా గొప్పది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేటి బీచ్ అంది, 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. అంతకు చాలాముందే, 1950లలో తూర్పు బెంగాల్ నుంచి సర్వం పోగొట్టుకుని వచ్చిన కాందిశీకులను తెచ్చి ఈ బీచ్ ఉన్న హేవ్‌లాక్ దీవిలో స్థిరపరిచారు. వాళ్లు అడవి కొట్టి, కొబ్బరీ పోకా వేసుకుని, బీచ్‌లను మూడో నంబరు, అయిదో నంబరు, ఏడో నంబరు అని పిలుచుకున్నారు. మన జంటకు ఏడో నంబరు చాలు. అది కూడా సూర్యాస్తమయానికి.

ఇక్కడే సూర్యుడు మోసం చేస్తాడు. మన దేశం గడియారాలన్నిటికీ ఆధారమైన రేఖాంశం ఎనభై రెండున్నర డిగ్రీలు. అది మన కాకినాడ పక్క నుంచి పోతుంది. అండమాన్ ఉన్నది దానికి పది డిగ్రీల తూర్పున. గడియారం కాకినాడది, సూర్యుడు అండమాన్ వాడు. డిసెంబర్‌లో సాయంత్రం అయిదింటికల్లా మునిగిపోతాడు. భోజనం చేసి, ఓ కునుకు తీసి, గౌను ఇస్త్రీ చేయించుకుని అయిదుంపావుకి చేరిన జంటకు చీకటీ, దోమలూ మిగులుతాయి. ఆ రాత్రి సూర్యుడి మీద ఫిర్యాదు ఏజెంటుకు వెళ్తుంది.

వేళకు వచ్చినవాళ్ల పాట్లు వేరు. ఒక్కో జంటకు ఒక్కో ఫొటోగ్రాఫరు. "సర్, మేడమ్ నడుం పట్టుకోండి. మేడమ్, కెమెరా వైపు చూడొద్దు, సముద్రం వైపు చూడండి. నవ్వొద్దు. ఇప్పుడు నవ్వండి. సర్, పొట్ట." పడమటి దిక్కున బంగారం కరిగి కారుతుంటే ఇద్దరూ దానికి వీపు పెట్టి నిలబడతారు. ఆమె అరచేతులు ఎత్తుతుంది, సూర్యుణ్ణి పట్టుకున్నట్టు ఫొటోలో పడాలి. "ఇంకొంచెం కిందకి మేడమ్, ఇంకొంచెం." ఆ కొంచెం సర్దుకునే లోపు సూర్యుడు చేయి జారిపోతాడు. పక్క జంట ఫొటోలోంచి తప్పుకోమని ఈ జంట మీద అరుస్తుంది. ఈ జంట వెనక్కి జరిగితే ఇంకో జంట ఫొటోలో పడుతుంది. అంత పొడవు బీచ్‌లో వీళ్లకు కావలసింది అదే పదిగజాల చోటు, ఎందుకంటే కరపత్రంలోని ఫొటో అక్కడే తీశారు. ఆ సాయంత్రం తీసిన ప్రతి ఫొటోలోనూ ఇద్దరే ఉంటారు. మిగతావాళ్లను ఫోన్లోనే చెరిపేస్తారు.

ఎలిఫెంట్ బీచ్‌లో పగడాల సంగతి క్లుప్తంగా చెప్తాను. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దయెత్తున రంగు పోయి తెల్లబారాయి. బతికి బట్టకట్టినవాటి మీద కాళ్లు మోపి, నీళ్లలో ఇద్దరూ చేతులతో గుండె ఆకారం చేసి చూపించే ఫొటోకి వేరే రేటు. తిరిగొచ్చేటప్పుడు బ్యాగులో గుప్పెడు గవ్వలు, ఒక పగడం ముక్క. పగడానికీ, చాలా రకాల గవ్వలకూ వన్యప్రాణి రక్షణ చట్టం వర్తిస్తుందని విమానాశ్రయంలో బ్యాగు విప్పించినప్పుడు గానీ తెలియదు.

ఇంతకీ నిజమైన ఏకాంతం ఒకప్పుడు అండమాన్‌లో ఉండేది. ఫోన్ మూగగా పడుండేది, మెయిల్ తెరుచుకోవాలంటే అదృష్టం ఉండాలి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భంలో దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి ఆ కొరత తీర్చారు. దీవుల జనానికి అది వరం, వాళ్ల పిల్లల చదువులకూ ఆసుపత్రులకూ కావలసిందే. మన జంట దానితో చేసే పని ఏమిటంటే, బీచ్‌లో నిలబడి అత్తగారికి వీడియో కాల్. "అదిగో అత్తయ్యా, సముద్రం." "సముద్రం సరే గానీ, ఆ బట్టలేమిటే?" అక్కడితో ఏకాంతం సంపూర్ణం.

ఎవరూ లేని దీవులన్న మాట దగ్గరికి వద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం మనదే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకీ, కూలికీ వెళ్లి తరాల తరబడి అక్కడే ఉండిపోయినవాళ్లు. విశాఖ రేవు నుంచి ప్రభుత్వ ఓడ ఎప్పటినుంచో నడుస్తోంది, దాని మీద పోయినవాళ్లు ఎవరూ పూలపాన్పు అడగలేదు.

ఇది తెలియని మన జంట ఆటో ఎక్కుతుంది. మనల్నెవరూ ఎరగరన్న ధీమాతో నోళ్లు తెరుచుకుంటాయి. "మీ అమ్మగారు ఫోన్ చేసిన ప్రతిసారీ అంత దూరం వెళ్లి మాట్లాడాలా మీరు?" "మీ నాన్న ఆడపడుచు లాంఛనం ఎగ్గొట్టిన సంగతి నేనెప్పుడైనా ఎత్తానా?" "ఎగ్గొట్టడమేంటి, మీ అక్కకి ఎంతిచ్చినా చాలదు." పెళ్లి విందులో తక్కువైన గులాబ్‌జామూ, బావమరిది బైకూ, అన్నీ వెనకసీట్లో వరసగా బయటికొస్తాయి. దిగాక చిల్లర లెక్కపెట్టి ఇస్తూ డ్రైవరు నెమ్మదిగా అంటాడు: "లాంఛనం ఇచ్చీమనండమ్మా, పోయేదేటుంది? మాది సోంపేట దగ్గర. మా తాతప్పుడే ఒచ్చీసినాం." ఆ తర్వాత ఆ ఇద్దరూ హోటల్ దాకా హిందీలో పోట్లాడుకుంటారు.

నవ్వులు అక్కడితో ఆపి సెల్యులార్ జైలులోకి వెళ్దాం. ప్యాకేజీలో దీనికి ముప్పావుగంట. 1896లో మొదలుపెట్టి 1906లో ముగించిన కట్టడం. మధ్యలో బురుజు, చుట్టూ ఏడు విభాగాలు, ఇప్పుడు మిగిలినవి మూడు. ఏడు వందలకు కాస్త తక్కువగా గదులు, ఒక్కోటి పదమూడున్నర అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, మనిషికి అందనంత ఎత్తులో ఒక చిన్న కిటికీ. ఒక విభాగం ముఖం మరో విభాగం వీపును చూసేలా కట్టారు, ఏ ఖైదీకి ఇంకో ఖైదీ ముఖం కనబడకూడదని. లోకం మొత్తం మీద ఏకాంతం కోసమని ఇంత శ్రద్ధగా, ఇంత ఖర్చుపెట్టి కట్టిన భవనాలు ఎన్నో లేవు. ఏకాంతం వెతుక్కుంటూ వచ్చిన జంట అందులో నిలబడి, "లోపల లైటింగ్ బాగాలేదు" అంటుంది.

అక్కడ గానుగ నమూనా ఉంది. ఎద్దులా మనిషిని కట్టి, రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయాలని లెక్కపెట్టి కొట్టిన గానుగ. ఆ పనిలోని మనిషి బొమ్మ పక్కన నిలబడి, తనూ కాడి లాగుతున్నట్టు పళ్లికిలించి ఫొటో దిగే మొగుణ్ణి మీరు ఏ రోజు వెళ్లినా చూడొచ్చు. కింద రాసే మాట కూడా తయారుగా ఉంటుంది: "పెళ్లయ్యాక నా పరిస్థితి." ఒకేసారి ముగ్గుర్ని ఉరితీసే గది దగ్గర కూడా ఇదే కవిత్వం. 1933 నిరాహారదీక్షలో బలవంతంగా పాలు పట్టించబోతే ప్రాణాలు పోగొట్టుకున్న మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మోయిత్రా జైలుకు ఎదురుగా ఉన్న పార్కులో విగ్రహాలై నిలబడ్డారు. ఆ పార్కు మన జంటకు ఐస్‌క్రీమ్ పాయింటు.

అండమాన్‌కు మన తెలుగు నేల నుంచి పూలపాన్పు లేకుండా పంపినవాళ్లు ఉన్నారు. కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారిని పంపారు. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొరను పంపారు. మల్లుదొర బతికి తిరిగొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఇంత సంగతి ఒక్క వాక్యంగానైనా ఏ తెలుగు ఏజెంటు కరపత్రంలోనూ నేను చూడలేదు. హంసల బొమ్మ మాత్రం అన్నిట్లోనూ ఉంది. రాత్రి సౌండ్ అండ్ లైట్ షో నడుస్తుంటే ముందు వరసల్లో సగం ముఖాలు నీలంగా వెలుగుతుంటాయి. అది భావోద్వేగం అనుకోకండి, ఫోన్ వెలుగు. క్యాండిల్ లైట్ డిన్నర్ తొమ్మిదింటికి కదా, ఆలస్యమైతే కొవ్వొత్తి వేరే బల్లకి పోతుందని బెంగ.

దీన్ని కూడా ఓర్చుకోవచ్చు. చచ్చిపోయినవాళ్లు ఫిర్యాదు చేయరు. ఓర్చుకోలేనిది అయిదో రోజు ఐచ్ఛికం కింద ఇచ్చే బారాటాంగ్ యాత్ర. కాగితంలో రాసేది సున్నపురాయి గుహలు, మట్టి అగ్నిపర్వతం. నోటితో చెప్పేది వేరు. "దారిలో జరావాలు కనబడతారు సర్, అదృష్టం ఉంటే." అదృష్టమట! అండమాన్ ట్రంక్ రోడ్డు జరావా ఆదివాసుల రక్షిత ప్రాంతాన్ని చీల్చుకుంటూ పోతుంది. జిర్కటాంగ్ దగ్గర వాహనాలను గుంపు కట్టించి, వేళ ప్రకారం పోలీసు కాపలాతో వదులుతారు. మధ్యలో ఆగకూడదు, ఫొటో తీయకూడదు, తినేది ఏదీ ఇవ్వకూడదు. 1956 నుంచి ఆదివాసుల రక్షణకు చట్టం ఉంది, ఉల్లంఘిస్తే జైలు. ఆ రక్షిత ప్రాంతంలోంచి పోయే రోడ్డు భాగాన్ని మూసేయమని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. మూయలేదు. 2012 జనవరిలో జరావా ఆడపిల్లల్ని తిండి చూపించి నాట్యం చేయించిన వీడియో బయటపడి లోకమంతా ఛీకొట్టింది. 2013 మొదట్లో కొన్నాళ్లు పర్యాటకుల వాహనాలు ఆగాయి. తర్వాత మళ్లీ కదిలాయి.

జరావాలు మొత్తం కలిపి కొన్ని వందల మంది. బయటినుంచి వచ్చే మామూలు జలుబు, పొంగు కూడా వాళ్లకు ప్రాణాంతకమే. అయినా ఆ గుంపు కార్లలో కొత్తజంటలు అద్దాలకు ముక్కులు ఆనించి కూర్చుంటాయి. ఇద్దరి కోసం దీవి ఖాళీగా ఉందని నమ్మి బయల్దేరినవాళ్లు, ఆ దీవి అసలు మనుషుల్ని కిటికీలోంచి వెతుకుతుంటారు. ఒకవేళ కనబడకపోతే తిరిగొచ్చి ఏమంటారో తెలుసా? "డబ్బులు దండగండీ. ఏమీ చూపించలేదు." తమ పడకగది తలుపు సందులోంచి పక్కింటావిడ తొంగిచూస్తే పోలీసు కేసు పెడతారు వీళ్లే. ఇది సరదా కాదు, అమాయకత్వమూ కాదు. డబ్బిచ్చి చేసే సిగ్గుమాలిన పని. అమ్మేవాడిది ఎంత పాపమో కొనేవాడిదీ అంతే.

తిరిగొచ్చాక బంధువుల ముందు ఆల్బమ్ తెరుచుకుంటుంది. అన్నీ వీళ్ల ముఖాలే. వెనక ఉన్నది రాధానగరో, రుషికొండో, సూర్యలంకో చెప్పడం బ్రహ్మకు కూడా తరం కాదు. "ఎలా ఉందే అండమాన్?" అని పిన్ని అడుగుతుంది. "బాగానే ఉంది పిన్నీ, కానీ చూడ్డానికి ఏమీ లేదు. అన్నీ బీచ్‌లే."

వెళ్లేవాళ్లు వెళ్లండి. మూడు దీవులు తిరగాలన్న పంతం మాని ఒక దీవిలో నాలుగు రోజులుండండి, జైలుకు ఒక పూట మొత్తం ఇవ్వండి, ఆటోలో ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడుకోండి. ప్యాకేజీలో బారాటాంగ్ ఉంటే ఆ గీత కొట్టేయించి డబ్బు వెనక్కి అడగండి. సున్నపురాయి గుహలే చూడాలని ఉంటే మనకు అల్లూరి సీతారామరాజు జిల్లాలో బొర్రా గుహలున్నాయి. పొద్దున్నే విశాఖలో కిరండూల్ రైలెక్కితే గుహల పేరుతోనే స్టేషన్ వస్తుంది, దిగండి.